బాయిలర్ పోయిందా? ముందు పంపు చూడండి!

జనవరి వచ్చిందంటే యూకేలో ఉన్న మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ ఎక్కడో ఒకచోట పడుతుంది: ‘బాయిలర్ పోయింది, తెలిసిన ప్లంబర్ ఎవరైనా ఉన్నారా?’ రేడియేటర్లు చల్లగా ఉంటే చాలు, తప్పు బాయిలర్‌దే అని తేల్చేస్తాం. ఒక్కోసారి బాయిలర్ శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. అది కాచిన వేడినీళ్లని ఇల్లంతా తిప్పే పంపు ఆగిపోయి ఉంటుంది. కొత్త బాయిలర్ అంటే బిగింపుతో కలిపి వేల పౌండ్ల మాట. ఆ పంపు మాత్రం వంద పౌండ్లు అటూ ఇటూ. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ వారం మన టాపిక్.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చదువుతున్నవాళ్లకి ముందు ఈ సెంట్రల్ హీటింగ్ ఏంటో చెప్పాలి. మనకి గీజరు తెలుసు. స్నానానికి నీళ్లు కాగుతాయి, వాడేస్తాం, అయిపోతుంది. అక్కడ నీళ్లు కాచేది ఇంటికోసం. గ్యాస్ బాయిలర్‌లో వేడెక్కిన నీళ్లు పైపుల్లో బయల్దేరి ప్రతి గదిలో గోడకున్న ఇనప రేడియేటర్లోకి వెళ్లి, వేడిని గదికి ఇచ్చేసి, చల్లారి మళ్లీ బాయిలర్ దగ్గరికే వస్తాయి. అవే నీళ్లు, అదే చుట్టు, ఏళ్ల తరబడి. ఆ నీళ్లు తాగరు, వాడరు, చాలామంది కంటితో కూడా చూడరు.

పంపులు రాకముందు ఈ నీళ్లు వాటంతటవే తిరిగేవి. వేడినీళ్లు తేలిక, పైకి పోతాయి. చల్లారినవి బరువు, కిందకి దిగుతాయి. దానికి లావు పైపులు కావాలి, ఇల్లు వేడెక్కడానికి బోలెడు టైమూ కావాలి. 1920ల చివర్లో జర్మనీలో విల్హెల్మ్ ఓప్లెండర్ ఆ పైపు మధ్యలో నీళ్లని ముందుకి తోసే మోటారు ఒకటి పెట్టాడు. ఇవాళ్టి విలో కంపెనీ ఆయన కుటుంబం నుంచి వచ్చిందే. పైపులు సన్నబడ్డాయి, ఇళ్లు తొందరగా వేడెక్కాయి. దాంతోపాటు ఇల్లంతా ఆ ఒక్క పంపు మీద ఆధారపడటం కూడా మొదలైంది. అది ఆగితే అన్ని గదులూ ఒకేసారి చల్లబడతాయి.

ఇక్కడ మనవాళ్లకి, ముఖ్యంగా ఇంట్లో బోరు మోటారు చూసి పెరిగినవాళ్లకి ఒక డౌట్ వస్తుంది. మా బావకీ వచ్చింది. మా అక్కావాళ్లది రీడింగ్‌లో రెండంతస్తుల పాత ఇల్లు. పంపు చూపిస్తే బావ నమ్మలేదు. ‘ఏంట్రా ఇది, కొబ్బరికాయంత కూడా లేదు. పైఅంతస్తుకి నీళ్లెక్కించేది ఇదా? మా ఊళ్లో ట్యాంకెక్కించడానికే ఒక హార్స్‌పవర్ మోటారు కదా!’ అన్నాడు.

మంచి ప్రశ్నే. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఈ కొత్తరకం హీటింగ్ పంపులు మామూలు ఇంట్లో కొన్ని పదుల వాట్లతో సరిపెట్టుకుంటాయి. ఎలాగంటే ఇది నీళ్లని ఎత్తదు, తిప్పుతుంది, అంతే. జాతరలో జెయింట్ వీల్ గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు జనం పైకి వెళ్తుంటే ఇంకోవైపు అంతే బరువు కిందకి దిగుతూ ఉంటుంది. రెండు బరువులూ ఒకదాన్నొకటి మోసుకుంటాయి, మోటారు పని రాపిడిని గెలవడం వరకే. నిండుగా నీళ్లున్న మూసిన చుట్టులోనూ అదే కథ. పైకి వెళ్లే పైపులో ఎంత బరువుందో దిగే పైపులోనూ దాదాపు అంతే ఉంటుంది. బోరు మోటారుకి ఆ సుఖం లేదు. పాతాళం నుంచి ట్యాంకు దాకా ప్రతి లీటరునీ అదే మోయాలి.

అందుకే పంపు మీద ‘15-60’ అని రాసి ఉంటే కంగారు పడకండి. 60 అంటే 6 మీటర్ల హెడ్. మూడంతస్తుల ఇల్లయితే చాలదేమో అని లెక్కలు వేసుకునే పనిలేదు. ఆ 6 మీటర్లు ఎత్తు కోసం కాదు. పైపుల్లో, మలుపుల్లో, వాల్వుల్లో ఎదురయ్యే రాపిడి కోసం.

ఇక అసలు విషయం. అక్కావాళ్లింట్లో హీటింగ్ ఆగింది, జనవరి మధ్యలో. హాల్లో థర్మామీటరు 12 చూపిస్తోంది. మా మేనకోడలికి రెండేళ్లు. దానికి మూడు స్వెట్టర్లు వేసి, ఒక్క బెడ్‌రూమ్‌లో కరెంటు హీటరు పెట్టి, ముగ్గురూ అందులోనే ఉన్నారు. ఎవరో చెబితే ఒక హీటింగ్ కంపెనీ మనిషి వచ్చాడు. పది నిమిషాలు చూసి, ‘పాత బాయిలర్, దీనికి డబ్బు పెట్టడం దండగ, మార్చేయండి’ అని కొటేషన్ పంపాడు. ఆ అంకె చూసి అక్క ఆ నెల ఇండియా టికెట్ల సంగతి మళ్లీ ఎత్తలేదు.

నాకు ఒక్కటే అనిపించింది. బాయిలర్ పోయిందని ఎవరు చూశారు? సర్వర్ డౌన్ అని ఫోనొస్తే మనం వెంటనే కొత్త సర్వర్ కొనం కదా! ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడినుంచి లేదు అని సగం సగం చేసుకుంటూ వెతుకుతాం. ఇక్కడా అదే పని.

బాయిలర్ ఆన్ చేస్తే వెలుగుతోంది. రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతోంది. కాసేపటికి మళ్లీ వెలుగుతోంది, మళ్లీ ఆరుతోంది. ఇది చచ్చిన బాయిలర్ లక్షణం కాదు. దాని దగ్గరున్న నీళ్లు కదలకుండా అక్కడే మరిగిపోతుంటే, లోపలి థర్మోస్టాట్ చూసుకుని ఆపేస్తోంది. తనని తాను కాపాడుకుంటోందన్నమాట. బాయిలర్ నుంచి పంపు దాకా పైపు చెయ్యి పెట్టలేనంత వేడి. పంపు దాటాక గోరువెచ్చన కూడా లేదు.

ఇంతమాత్రానికే పంపుని దోషిగా తేల్చకూడదు. దాని పక్కనే మోటారు వాల్వ్ ఒకటి ఉంటుంది. వేడినీళ్లని రేడియేటర్లకి పంపాలా, స్నానాల నీళ్ల సిలిండర్‌కి పంపాలా అని దారి మార్చేది అదే. అది మూసుకుని ఇరుక్కున్నా సరిగ్గా ఇవే లక్షణాలు. పక్కనున్న చిన్న లివర్‌ని కదిపి చూస్తే తెలుస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఉంటే లివర్ వదులుగా ఆడుతుంది, మూసుకుని ఉంటే బిగువుగా ఎదురుతిరుగుతుంది. వీళ్లది వదులుగానే ఉంది. పైపుల్లో గాలి పట్టినా నీళ్లు తిరగవు కాబట్టి అదీ చూశాం, గాలి లేదు. టెస్టర్ పెడితే పంపు దాకా కరెంటు వస్తోంది. స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ‘మ్‌మ్‌మ్’ అని మూలుగు, తిరుగుడు లేదు. డాక్టర్ స్టెతస్కోప్‌కి ఇది తీసిపోదు!

పాతరకం పంపులకి మధ్యలో ఒక పెద్ద స్క్రూ ఉంటుంది. కరెంటు ఆపి, కింద గుడ్డ పెట్టి, దాన్ని విప్పితే కొన్ని చుక్కలు కారతాయి, లోపల షాఫ్ట్ కనిపిస్తుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పాం. మొదట మొరాయించి తర్వాత కదిలింది. స్విచ్ వేస్తే పంపు తిరిగింది! గంటలో రేడియేటర్లు వెచ్చబడ్డాయి. అక్క పకోడీలు వేసింది. మర్నాటి సాయంత్రానికి మళ్లీ ఆగింది. ఒకసారి చేత్తో కదిలించి బతికించినవి ఎక్కువ రోజులు నిలవవు కానీ, ఆ ఒక్కరోజు చేసిన మేలు తక్కువది కాదు. పోయింది పంపే, బాయిలర్ కాదు అని పక్కాగా తేలిపోయింది.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. సీరియస్‌గా చదవండి.

అక్కావాళ్ల ఇంట్లో పంపు బాయిలర్ బయట, సిలిండర్ ఉన్న అల్మారాలో ఉంది. అది నీళ్ల పని, కాస్త కరెంటు పని. కానీ ఈమధ్య ఇళ్లలో, ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది కాంబి బాయిలర్. సిలిండర్ ఉండదు, పంపు బాయిలర్ డబ్బా లోపలే ఉంటుంది. ఆ డబ్బా మూత ఊరికే అందానికి పెట్టిన రేకు కాదు. చాలా మోడళ్లలో మంట తాలూకు పొగ గదిలోకి రాకుండా ఆపే సీలు అదే. దాన్ని మనం తీసి సరిగ్గా బిగించకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే మనుషులు పోతారు. యూకేలో గ్యాస్ పని చేయాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి. 2009 ఏప్రిల్‌లో పాత కోర్గీ స్థానంలో వచ్చిన రిజిస్టర్ ఇది. వచ్చిన మనిషి ఐడీ కార్డు అడగండి, నంబరు ఆన్‌లైన్‌లో చెక్ చేయండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం ఇక్కడ వద్దు. గ్యాస్ వాసన వస్తే 0800 111 999, ఈ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి.

సరే, పంపు బయటే ఉంది, ఇల్లు మీదే. అప్పుడు పని ఎలా సాగుతుందో చెప్తాను.

ముందు కొలతలు. ఇదొక్కటే నాకు ఈ ఫీల్డ్‌లో విపరీతంగా నచ్చిన విషయం. బ్రిటన్ ఇళ్లలో ఈ పంపుల పొడవు దాదాపుగా ఒకటే, 130 మిల్లీమీటర్లు. రెండు కొసలా నట్లు 1½ అంగుళాలవి. డెన్మార్క్ గ్రండ్‌ఫాస్ తీసి జర్మనీ విలో పెట్టినా అదే సందులో కూర్చుంటుంది. ఫోన్లకి టైప్-సి రావడానికి ఎంత గొడవైందో మనం చూశాం, ఈ పంపులవాళ్లు ఎప్పుడో సెటిల్ చేసేసుకున్నారు. అయినా కొనేముందు టేపు పెట్టి కొలిచే కొనండి.

తర్వాత కరెంటు. టైమర్ ఆఫ్ చేస్తే చాలదు. కొన్ని బాయిలర్లు ఆగిన తర్వాత కూడా పంపుని కాసేపు నడుపుతాయి, అంటే వైర్లో కరెంటు ఉండొచ్చు. గోడమీద హీటింగ్‌కి విడిగా ఉండే స్విచ్ ఆపి, ఫ్యూజు పీకి, ఆ ఫ్యూజు మీ జేబులో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరు ‘అయ్యో ఆఫ్‌లో ఉందే’ అని వేసే ఛాన్సే ఉండదు. టెస్టర్‌తో చూసుకున్నాకే మూత విప్పండి. వైర్లు ఎక్కడివక్కడ ఫొటో తీయండి. కొత్త ఇళ్లలో బ్రౌన్ ఫేజు, బ్లూ న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్త్. పాత ఇళ్లలో ఎరుపు, నలుపు కూడా కనిపిస్తాయి. ఇది చదువుతుంటేనే చెయ్యి వణుకుతోందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అందులో నామోషీ ఏం లేదు.

నీళ్లు చల్లారాక పంపుకి అటూ ఇటూ ఉన్న రెండు వాల్వులు మూసి, కింద బేసిన్ పెట్టి, నట్లు విప్పితే పంపు చేతిలోకి వచ్చేస్తుంది. వీడియోల్లో అయితే ఇరవై నిమిషాల పని. అక్కావాళ్ల ఇంట్లో ఒక వాల్వ్ ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనిది, పూర్తిగా మూసుకోలేదు. ఇలాంటప్పుడు బలం చూపిస్తే వాల్వ్ విరుగుతుంది, సీలింగ్ కిందకి నీళ్లు దిగుతాయి. అందుకని మొత్తం నీళ్లు తీసేయడానికే సిద్ధపడ్డాం. అటక మీద ఈ హీటింగ్‌కి నీళ్లిచ్చే చిన్న ట్యాంకు ఒకటుంది. అందులోనూ మన ట్యాంకుల్లో ఉండే బాల్‌కాకే! ట్యాంకు మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, బంతిని తాడుతో పైకి కట్టేశాం. కొత్త నీళ్లు రావు. కింద రేడియేటర్ దగ్గరున్న డ్రెయిన్‌కి తోట పైపు తగిలించి బయటకి వదిలాం.

వచ్చిన నీళ్లు చూడాలి మీరు. నల్లగా, డికాషన్‌లా! బకెట్లో పట్టి, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ముంచితే దానికి నల్లటి మడ్డి అంటుకుని వచ్చింది. రేడియేటర్ల ఇనుము లోపల్లోపల తుప్పు పట్టి అయ్యే మాగ్నటైట్ అది. పంపుని చంపింది కూడా ఇదే అని నా అంచనా. ఈ పంపుల్లో రోటర్ నీళ్లలోనే మునిగి తిరుగుతుంది, బేరింగులకి ఆయిల్ ఉండదు, ఆ నీళ్లే ఆయిలు. అందులో ఇసుకలాంటి మడ్డి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఇప్పటి పంపుల రోటర్‌లో అయస్కాంతమే ఉంటుంది, మడ్డిని రమ్మని పిలిచినట్టే. అందుకే పైపులో మాగ్నెటిక్ ఫిల్టర్ ఒకటి వేయిస్తే మంచిది.

ఎలాగూ నీళ్లు తీశాం కాబట్టి రెండు వాల్వులూ కొత్తవే వేశాం. కొత్త పంపుతో వచ్చిన రబ్బరు వాషర్లే వాడాం, పాతవి కాదు. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది, పాతది ఎటు చూస్తోందో కొత్తదీ అటే చూడాలి. ఇంకోటి, షాఫ్ట్ అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండాలి. నిలువుగా పెడితే బరువంతా ఒకే బేరింగ్ మీద పడుతుంది, పైన గాలి చేరుతుంది, తొందరగా అరిగిపోతుంది. కరెంటు డబ్బా నీళ్లు కారి పడేచోట, అంటే అడుగున, ఉండకూడదు. తర్వాత ట్యాంకులో తుప్పు ఆపే మందు ఒక లీటరు పోసి, బాల్‌కాక్ తాడు విప్పి, నీళ్లు నిండనిచ్చి, కింది రేడియేటర్ల నుంచి మొదలుపెట్టి పైవాటి దాకా గాలి తీశాం. నట్ల దగ్గర పొడి టిష్యూ పెట్టి చూశాం, తడి లేదు. ఆ తర్వాతే ఫ్యూజు జేబులోంచి బయటికొచ్చింది. ఉదయం పదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది. అందులో నీళ్లు పోవడానికి పట్టిన టైమే ఎక్కువ.

ఇంత జరుగుతుంటే వీడియో కాల్‌లో అమ్మ. ‘బోరు మోటారు కాలితే వైండింగ్ చేయిస్తాం కదరా, కొత్తదెందుకు?’ మన దగ్గర ఏ చిన్న టౌన్‌కి వెళ్లినా వైండింగ్ షాపు ఉంటుంది. రాగి తీగ చుట్టి రెండో రోజుకి ఇచ్చేస్తారు. ఇక్కడ మనిషి ఒక గంట పనికి తీసుకునే డబ్బుతో కొత్త పంపులో సగం వచ్చేస్తుంది. పైగా ఇప్పటి పంపు లోపల తీగతో పాటు ఒక సర్క్యూట్ బోర్డు కూడా ఉంటుంది, అందుకే విప్పేవాళ్లు తక్కువ. ఆ బోర్డు పుణ్యమే ఇంకోటుంది. యూరప్ ఎకోడిజైన్ రూల్స్ 2013లో ఒకసారి, 2015లో ఇంకోసారి బిగించాక పాత మూడు స్పీడ్ల పంపులు షాపుల్లోంచి మాయమయ్యాయి. ఆ పాతవి పెద్ద స్పీడ్‌లో వంద వాట్ల దగ్గర తినేవి. కొత్తవి రేడియేటర్లు ఎన్ని తెరుచుకున్నాయో చూసుకుని తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అమ్మకి ఇదంతా చెప్తే, ‘అయినా రాగి ఉంటుంది కదా, పారేయకండి’ అంది.

ఇప్పుడు హాట్‌ఫీల్డ్‌లోనో లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో నలుగురైదుగురు కలిసి అద్దెకుంటున్న స్టూడెంట్స్ కోసం. పైన చెప్పిన రిపేరులో మీరు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దు. ఇంగ్లాండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఏడేళ్ల కన్నా తక్కువ అగ్రిమెంట్ ఉన్న ఇంట్లో హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు పనిచేసేలా ఉంచాల్సింది ఓనరే. ‘మీరే బాగుచేయించుకోండి, అగ్రిమెంట్‌లో రాసుంది’ అంటే ఆ మాట చెల్లదు. గ్యాస్ సామాన్లని ఏడాదికోసారి చెక్ చేయించి ఆ కాగితం మీకివ్వడం కూడా ఓనర్ బాధ్యతే.

ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఈమెయిల్ పెట్టండి: ఏ రోజు నుంచి ఆగింది, గదిలో ఎన్ని డిగ్రీలుంది, థర్మామీటర్ ఫొటో. ‘బాయిలర్ వెలిగి మూడు నిమిషాల్లో ఆరిపోతోంది, పైపు ఇక్కడిదాకా వేడిగా ఉంది’ అని రాయండి. అలా రాస్తే వచ్చే మనిషి పంపు తెచ్చుకునే వస్తాడు, రెండో ట్రిప్పు తప్పుతుంది. ఎన్ని మెయిల్స్ పెట్టినా కదలకపోతే మీ కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లకి చెప్పండి. వాళ్లు ఇళ్లని తనిఖీ చేసే పద్ధతిలో ‘విపరీతమైన చలి’ అనేది లెక్కలోకి తీసుకునే ప్రమాదాల్లో ఒకటి. కోపంతో అద్దె ఆపేయడం మాత్రం వద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. ‘వీసా మీద వచ్చినవాళ్లం, మనకెందుకు గొడవ’ అని నవంబర్ నుంచి మార్చి దాకా జాకెట్లతో పడుకున్నవాళ్లు నాకు తెలుసు. రిపేరు అడగడానికీ వీసాకీ సంబంధం లేదు.

సొంతిల్లు ఉన్నవాళ్లు ఎండాకాలంలో కూడా నెలకోసారి ఓ పది నిమిషాలు హీటింగ్ ఆన్ చేయండి. నాలుగైదు నెలలు కదలకుండా ఉన్న షాఫ్ట్ మడ్డిలో అతుక్కుపోయి, అక్టోబర్‌లో మొదటి చలిరోజునే మొరాయిస్తుంది. పాత పంపుని చెత్తబుట్టలో వేయకూడదు. కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో చిన్న కరెంటు సామాన్ల తొట్టి ఉంటుంది, అక్కడ ఇవ్వాలి. అక్కావాళ్లది ఇంకా గ్యారేజీలోనే ఉంది. రాగి ఉంది కదా మరి!